యూంగ్ 'సామూహిక అచేతనం': సైకాలజీయా, నమ్మకమా?

కొత్తపాఠకుడు:
నాలుగక్షరాల ఫలితం ఇచ్చే పర్సనాలిటీ టెస్టు ఒకటి రాశాను. దాని మూలం వెతుక్కుంటూ స్విస్ మానసిక వైద్యుడు కార్ల్ యూంగ్ దగ్గరికి వచ్చాను. వ్యక్తిగత అచేతనం అంటే మనం మరిచిపోయినవీ, అణచుకున్నవీ అని అర్థమైంది. కానీ దాని అడుగున మనుషులందరికీ పుట్టుకతో ఉమ్మడిగా వచ్చే పొర ఇంకొకటి ఉందంటాడు, దాన్నే సామూహిక అచేతనం అంటాడు. దీనికి ఆధారం ఏమన్నా ఉందా?

కొలబద్ద:
ఉందని ఆయన చూపించిన పేరున్న ఉదాహరణ ఒకటే చూడండి. జూరిక్‌లోని బుర్గ్‌హోల్జ్‌లి ఆసుపత్రిలో ఒక రోగి, సూర్యుడికి పురుషాంగం ఉందని, అది కదిలితే గాలి పుడుతుందని చెప్పాడు. మిత్ర దేవతకు సంబంధించిన పాత గ్రీకు గ్రంథంలో దాదాపు ఇలాంటి వర్ణనే ఉంది. ఆ పుస్తకం అచ్చయింది 1910లో, కాబట్టి రోగి చదివే వీల్లేదని, ఆ ఊహ ఉమ్మడి పొర నుంచే వచ్చిందని యూంగ్ వాదన. తీరా చూస్తే 1910ది రెండో ముద్రణ! మొదటిది 1903లోనే వచ్చింది.

లోతుబావి:
కొలబద్ద గారూ, మిగతా సగం కూడా చెప్పండి. ఆ రోగి 1903కు కొన్నేళ్ల ముందే ఆసుపత్రిలో చేరాడని యూంగ్ రచనల సంపుటిలోనే అధోజ్ఞాపిక ఉంది.

కొలబద్ద:
చేరితే ఏమండీ? ఆసుపత్రిలో ఉన్నవాడికి ఏమీ తెలియదని ఎలా అనుకుంటాం? పైగా మొదట ఈ సంగతి కనిపెట్టింది తన సహాయకుడు హోనెగర్ అని రాసిన యూంగ్, తర్వాత తానే విన్నట్టు చెప్పాడు. ఇంత పెద్ద సిద్ధాంతానికి ఇలాంటి పునాది చాలదు.

లోతుబావి:
ఆ ఒక్క కథ పడిపోతే యూంగ్ మొత్తం పడిపోడు. అదే ఆసుపత్రిలో ఆయన చేసిన పదసాహచర్య ప్రయోగాలు చూడండి. వరసగా వంద మాటలు చదవడం, ప్రతిదానికీ వెంటనే తోచిన మాట చెప్పమనడం, స్టాప్‌వాచ్‌తో సమయం కొలవడం. కొన్ని మాటల దగ్గర మనిషి తడబడతాడు, ఆలస్యం చేస్తాడు, మళ్లీ అడిగితే ఇంకో జవాబిస్తాడు. ఎందుకో అతనికే తెలియదు. కాంప్లెక్స్, అంటే మనకు తెలియకుండా ఒక భావోద్వేగం చుట్టూ ముడిపడ్డ ఆలోచనల గుంపు, అన్న భావన ఆయన పనిలో బలపడింది ఇక్కడే. దీన్ని నమ్మకం అనలేం.

ఇక సామూహిక అచేతనంలో ఉంటాయని ఆయన చెప్పే మూలరూపాలు, ఆర్కిటైప్‌లు. ఆర్కిటైప్ అంటే వారసత్వంగా వచ్చే బొమ్మ కాదు, బొమ్మ తయారయ్యే తీరు. ద్రావణంలో స్ఫటికం ఇంకా కట్టకముందే దాని ఆకృతి నిర్ణయమై ఉన్నట్టు అంటాడు ఆయన.

కొలబద్ద:
కాంప్లెక్స్ వరకు నాకూ పేచీ లేదు. కానీ ఆర్కిటైప్‌లో విషయం లేదు, రూపమే ఉందన్నాక, అది తప్పని ఏది చూసి తేలుస్తాం? ప్రతి జాతిలోనూ తల్లి దేవత ఉందంటారు. ప్రతి బిడ్డకూ తల్లి ఉంటుంది కదా. వరద కథలు అన్నిచోట్లా ఉన్నాయంటారు. నదులు అన్నిచోట్లా పొంగుతాయి. అనుభవమే సరిపోయేచోట వారసత్వం ఎందుకు?

కొత్తపాఠకుడు:
మరి నా టెస్టు సంగతి?

లోతుబావి:
దాని వేరు యూంగ్ 1921లో రాసిన వ్యక్తిత్వ రకాల పుస్తకంలోనే ఉంది: అంతర్ముఖం, బహిర్ముఖం, ఆలోచన, అనుభూతి, ఇంద్రియజ్ఞానం, అంతర్బుద్ధి. నాలుగో అక్షరం మాత్రం తర్వాత మైయర్స్, బ్రిగ్స్ అనే తల్లీకూతుళ్లు చేర్చింది. టెస్టు వదిలేసిన అసలు సంగతి వేరే. యూంగ్ లెక్కలో పైకి ఏది బలంగా ఉంటే దానికి ఎదురుది అచేతనంలోకి జారి, పచ్చిగా ఉండిపోతుంది. అన్నీ తర్కంతో తేల్చే మనిషి ఒకరోజు చిన్నపిల్లాడిలా అలిగి అందరికీ టెన్షన్ పెడతాడు చూడండి, అది. మీ ఫలితంలో ఆ సగానికి చోటే లేదు.

కొలబద్ద:
కొత్తపాఠకుడు గారూ, ఇంకొకటి. ఎటూ మొగ్గని మధ్యరకం వాళ్లే ఎక్కువమంది అని యూంగే అన్నాడు. టెస్టేమో అందరినీ ఏదో ఒక పక్కకు నెడుతుంది. మధ్యగీతకు దగ్గరున్నవాళ్లకు రెండోసారి రాస్తే అక్షరం మారిపోవడం అందుకే. మీరూ మళ్లీ ఒకసారి రాసి చూడండి.