బాబుకి ‘తిక్కన’ అని పెడితే మరీ విడ్డూరమా?

నిజాంపేట_కొత్తమ్మ: మా బాబుకి రెండో నెల. జీహెచ్‌ఎంసీ బర్త్ సర్టిఫికెట్ పేరు లేకుండానే తీసుకున్నాం. బారసాలలో మావారు పళ్ళెంలో బియ్యం మీద ఉంగరంతో ‘తిక్కన’ అని రాసేసరికి అత్తగారి మొహం మాడిపోయింది. వీళ్ళది నెల్లూరు, ‘మా ఊరి కవి’ అని ఆయన పట్టు. దాని పక్కన మధ్య పేరుగా తన పేరు నరసయ్య ఉండాలని మామగారు. బాబుది హస్త మూడో పాదం, ‘ణ’తోనే పెట్టాలని అత్తగారు. నాకు తిక్కన నచ్చింది గానీ, బడిని తలుచుకుంటే టెన్షన్. ఏమంటారు?

రిటైర్డ్_పంతులు: వద్దమ్మా. ఏళ్ళ తరబడి హాజరు పిలిచినవాణ్ణి, చెబుతున్నా. ఒకటో తరగతి తిక్కన నాలుగో తరగతికి ‘తిక్కోడు’ అవుతాడు. కవిత్రయం ఎవరో ఆ పిల్లలకు తెలిసేది ఎప్పటికి? మీవారికి అంత ఇష్టమైతే రోజూ ఒక పద్యం చదివి వినిపించమనండి, పిల్లాడికి మేలు.

నాలుగో_సాయి: మాస్టారూ, ఏ పేరు పెడితే వెక్కిరించరు చెప్పండి? మా క్లాసులో నలుగురం సాయిలం. పొట్టి సాయి, కళ్ళజోడు సాయి, ఇలా అందరికీ మారుపేర్లే. మామూలు పేరు మమ్మల్నేం కాపాడింది? విరాటపర్వం నుంచి చివరిదాకా 15 పర్వాలు ఒక్కడే తెనిగించినవాడి పేరు. ట్యాంక్‌బండ్ మీద విగ్రహం చూపించి పెంచండి, వాడే జవాబు చెప్పుకుంటాడు.

కాగితాల_కామేశ్వరి: తిక్క సంగతి సరే, ఇంగ్లీషు స్పెల్లింగ్ ఆలోచించారా? ‘టి’ ఒక్కటే రాస్తే తెలుగు రాని టీచర్ టిక్కన అంటుంది. హైదరాబాద్‌లో ఇక పనీర్ టిక్కా అనకుండా ఉంటారా!

మధ్య పేరు ఇంకో తలనొప్పి. పాస్‌పోర్టులో గివెన్ నేమ్, సర్‌నేమ్ రెండే గడులు. నరసయ్య కూడా గివెన్ నేమ్‌లోనే చేరుతుంది కాబట్టి సర్టిఫికెట్, ఆధార్, బడి అన్నిచోట్లా ఒకేలా రాయించాలి. ఇంటిపేరు ఇనీషియల్‌తో సరిపెట్టకండి, పూర్తిగా రాయించండి. సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంటే అమెరికా వీసాలో మన పేరు సర్‌నేమ్ స్థానానికి వెళ్ళి, పేరు దగ్గర ‘ఎఫ్‌ఎన్‌యూ’ అని పడుతుంది. మొదటి పేరు తెలియదని దానర్థం. కన్నవాళ్ళు ఇంత గింజుకుని పెట్టాక పేరు తెలియదట!

తొందర మాత్రం లేదు. నమోదయ్యాక 12 నెలల్లోపు పేరు చేరిస్తే ఫీజు ఉండదు, తర్వాత 15 ఏళ్ళ దాకా లేటు ఫీజుతో చేర్చుకోవచ్చు. కానీ 2023 అక్టోబర్ 1న గానీ, ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళకి బడికీ పాస్‌పోర్టుకీ పుట్టిన తేదీ రుజువు ఈ సర్టిఫికెటే. తప్పుల్లేకుండా చూసుకోండి.

పంచాంగం_పిచ్చి: హస్తకి పూ, షం, ణ, ఠ. ‘ణ’తో మొదలయ్యే పేరున్న మనిషిని నేనింతవరకు చూడలేదు. ఇలాంటప్పుడు అదే రాశిలోని వేరే అక్షరం తీసుకోవడం చాలా ఇళ్ళలో ఉన్నదే. మీ బాబుది కన్యారాశి, అందులో చిత్త రెండో పాదానికి ‘పో’ ఉంది. పోతన అనండి! అత్తగారికి రాశి, మీవారికి కవి.

నిజాంపేట_కొత్తమ్మ: అత్తగారు వెంటనే ఒప్పుకున్నారు! గొడవ ఇప్పుడు మావారితో. మాది జనగామ, పోతన పుట్టిన బమ్మెర మాకు దగ్గరే. “మా కవిని తీసేసి మీ కవిని పెట్టించావా?” అని అలిగి కూర్చున్నారు.

రిటైర్డ్_పంతులు: పోతనకు నాకు అభ్యంతరం లేదు. ‘పోరా పోతనా’ అంటారేమో, అది ఫరవాలేదు. ఆ నరసయ్య ఒక్కటీ వదిలేస్తే ఫారాలు నింపడం సులువు.

నాలుగో_సాయి: ఆ ముక్క మామగారితో మీరే చెప్పండి మాస్టారూ, ఈవిడ చేత చెప్పించకండి.