అప్‌డేట్: ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ అమెరికాలోనా, ఇక్కడేనా - తేల్చేశాను

జర్మనీలో ప్రైవేట్ పైలట్ లైసెన్స్ ఉంది, మబ్బుల్లో ఎగరడానికి కావలసిన ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ ఎక్కడ చేయాలని అడిగాను కదా. జవాబులిచ్చిన అందరికీ థ్యాంక్స్. ఇక్కడే, బేసిక్ ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ (బీఐఆర్)లో చేరాను.

అమెరికా వైపు లాగింది రాతపరీక్షే. ఎఫ్‌ఏఏ (అమెరికా విమానయాన సంస్థ) రేటింగ్‌కి 60 ప్రశ్నల పేపర్ ఒక్కటి, 70 శాతం వస్తే పాస్. ఇక్కడి మామూలు రేటింగ్‌కి ఏడు సబ్జెక్టులు! కానీ 2021లో వచ్చిన ఈ బీఐఆర్‌లో థియరీని మాడ్యూళ్లుగా విడగొట్టారు. కనీస గంటల లెక్క కూడా లేదు, చేయి తిరిగితే టెస్టుకు పంపుతారు. ఎఫ్‌ఏఏకైతే బయటికి చూడకుండా పరికరాల మీదే ఎగిరే ఇన్‌స్ట్రుమెంట్ టైమ్ 40 గంటలు తప్పదు.

అక్కడ చేసి ఇక్కడికి మార్పించుకోమని కొందరన్నారు. నిజమే, ఐఎఫ్‌ఆర్‌లో, అంటే పరికరాల ఆధారంగా ఎగిరే నియమాల కింద, పైలట్ ఇన్ కమాండ్‌గా (విమానానికి బాధ్యుడైన పైలట్‌గా) 50 గంటలుంటే రాతపరీక్షలు ఉండవు, స్కిల్ టెస్ట్‌లో నోటితోనే అడుగుతారు. ఆ 50 గంటలకు విమానం అద్దె, అంతకుముందు వీసా, టీఎస్ఏ (అమెరికా రవాణా భద్రతా సంస్థ) అనుమతి, ఆఫీసులో సెలవులు... నా వల్ల కాదు బాబూ.

బీఐఆర్‌కి లోటు లేకపోలేదు. డెసిషన్ హైట్‌కి (రన్‌వే కనబడకపోతే దిగడం మానేసి పైకి లేవాల్సిన ఎత్తు) 200 అడుగులు కలుపుకోవాలి, విజిబిలిటీ 1500 మీటర్లుండాలి. అంత కిందికి కమ్మిన మబ్బుల్లో ఒంటరిగా దిగే సరదా నాకెలాగూ లేదు. ఏటా రేటింగ్ పొడిగించుకోవాలి, కనీసం రెండేళ్లకోసారైనా చెక్ ఫ్లైట్ తప్పదు, అది మాత్రం టెన్షనే. ఎఫ్‌ఏఏలో ఆరు నెలల్లో ఆరు అప్రోచ్‌లు (పరికరాల మీద రన్‌వే వైపు దిగడం), హోల్డింగ్ (గాల్లో ఒకచోటే చుట్లు కొడుతూ ఆగడం) వగైరా చేసుకుంటే గడిచిపోతుంది, అందులో వాళ్లదే సుఖం.

ప్రస్తుతం మొదటి మాడ్యూల్ నడుస్తోంది.