పోరుమామిళ్ల చెరువు: చెన్నైలో ఎక్కడ మొదలుపెట్టాలి?

ట్రిప్లికేన్ నుంచి, కొత్తగా వచ్చినవాడు:

అందరికీ నమస్కారం. మాది కడప జిల్లా బద్వేలు దగ్గర పల్లె. చరిత్రలో పీహెచ్‌డీ చేయడానికి మూడు వారాల కిందట చెన్నై వచ్చాను. ఒక మాన్షన్‌లో, అంటే ఒంటరి మగవాళ్లు అద్దెకుండే లాడ్జిలో, గది తీసుకున్నాను. రాయలసీమ చెరువుల మీద పని చేస్తానంటే మా గైడుగారు "ఏ చెరువు, ఏ కాలం, ఏ ఆధారం? నెలాఖరుకు ఒక పేజీ రాసుకుని రా" అన్నారు. చిన్నప్పటి నుంచి చూసిన చెరువు కాబట్టి పోరుమామిళ్ల చెరువు అనుకున్నాను. మా సీనియర్ ఒకాయన విని నవ్వాడు. దాని శాసనం వందేళ్ల కిందటే అచ్చయింది, ఇంక అందులో పిండడానికేమీ లేదన్నాడు. నాకు తమిళం రాదు. ఈ ఊళ్లో నాకు పనికొచ్చేది ఎక్కడ ఉందో తెలియదు. అంశం మార్చుకోవాలా?

వేళచ్చేరి నుంచి:

అంశం సంగతి పెద్దలు చెబుతారు. నేను డబ్బు సంగతి చెబుతాను. జేఆర్ఎఫ్, అంటే పరిశోధక విద్యార్థులకిచ్చే కేంద్ర ఫెలోషిప్, ఉంటే నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ల తర్వాత 42,000 అని కాగితం మీద ఉంటుంది. అది నెలనెలా పడుతుందని నమ్మి పెద్ద అద్దెకు ఒప్పుకోకండి. నాకు ఒకసారి ఏడు నెలలది కలిపి ఒకేరోజు పడింది. ఆ ఏడు నెలలూ ఎలా గడిచాయో మా మెస్ ఆయనకు తెలుసు. మూడు నాలుగు నెలల ఖర్చు చేతిలో ఉంచుకోండి.

కోట్టూరుపురం నుంచి:

తమ్ముడూ, అంశం మార్చుకోవద్దు. నేను ఇదే ఊళ్లో చరిత్రలో పీహెచ్‌డీ చేశాను, కాబట్టి కొంచెం చనువుగానే చెబుతున్నాను.

మీ సీనియర్ అన్నది సగం నిజం. ఆ శాసనం ఎపిగ్రాఫియా ఇండికా అనే శాసనాల పత్రికలో ఎప్పుడో అచ్చయింది. అచ్చయిందంటే అందరూ చదివేశారని కాదు. ముందు నువ్వు శాసనం గురించిన వ్యాసాలు కాక శాసనాన్నే చదువు. శక సంవత్సరం 1291, సౌమ్య. అంటే క్రీ.శ. 1369. బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు తవ్వించాడు. రోజుకు వెయ్యిమంది కూలీలు, రాళ్లు తోలడానికి వంద బండ్లు, రెండేళ్ల పని. ఇవి అందరూ ఉటంకించేవే. నాకు ఇష్టమైన భాగం మాత్రం వేరే ఉంది. మంచి చెరువుకు పన్నెండు అంగాలు చెప్పి, ఆ తర్వాత ఆరు దోషాలు చెబుతుంది: కట్ట నుంచి నీరు ఊరడం, చవిటి నేల, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం, చెరువు నడుమ మిట్ట, నీరు తక్కువై విస్తీర్ణం ఎక్కువ కావడం, నీరు ఎక్కువై చోటు చాలకపోవడం. ఇది రాజు గొప్ప చెప్పుకోవడం కాదు, చెరువులు పాడైపోవడం కళ్లారా చూసినవాళ్లు రాయించిన మాట. ఈ ఆరింటిని పట్టుకుని ఆ తర్వాతి ఆరున్నర శతాబ్దాలు ఆ చెరువుకు ఏం జరిగిందో చూసినవాళ్లు ఎందరున్నారో మీ సీనియర్‌ని అడుగు.

ఆధారాలంటావా, 1800లో నిజాం మీ కడపను కంపెనీకి ఇచ్చాక, కాగితాలన్నీ మద్రాసుకే వచ్చాయి. ఎగ్మోరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో రెవెన్యూ బోర్డు దస్త్రాలు ఉన్నాయి. మరమ్మతు, కట్ట తెగడం, రైతుల అర్జీ, కలెక్టరు గొణుగుడు, అన్నీ అక్కడే. గైడుగారి సంతకంతో ఉత్తరం, గుర్తింపు కార్డు తీసుకుని వెళ్లు. మొదటిరోజు ఏమీ దొరకదు. రెండోరోజూ దొరకకపోవచ్చు.

ప్రాచ్య లిఖిత గ్రంథాలయం ఇప్పుడు మా కోట్టూరుపురంలో, అన్నా శతజయంతి గ్రంథాలయ భవనంలో ఉంది. 1869లో మొదలైంది. కంపెనీ సర్వే అధికారి మెకంజీ కాలం నాటి కైఫియత్తులు అక్కడున్నాయి. ఊరి కరణాలు చెప్పి రాయించినవి: ఊరు ఎలా పుట్టింది, చెరువు ఎవరు కట్టించారు, ఏ మాన్యం ఎవరిది. కడప జిల్లావి కొన్ని కడపలోనే అచ్చువేశారు. అవి ముందు చదివి, తర్వాత మూలం చూడు. మాటకూ మాటకూ మధ్య ఖాళీ లేని పాత చేతిరాత కళ్లకు అలవాటు కావడానికి నాకు రెండు నెలలు పట్టింది. తెలుగు మన మాతృభాషే కదా అని ధీమాగా కూర్చుని, మొదటి పేజీలో నాలుగు మాటలు చదవగలిగాను.

గిండీ నుంచి:

నేను సివిల్ ఇంజినీరును, ఉపగ్రహ చిత్రాలతో చెరువుల పూడిక లెక్కగట్టడం నా పని. కోట్టూరుపురం అక్కగారు చెప్పిన ఆరు దోషాల జాబితా నేనెప్పుడూ వినలేదు. మాకు పాఠ్యపుస్తకాల్లో నీటి ఆవిరీ, ఊటా, పరీవాహక ప్రాంతమూ ఉంటాయి, భాస్కర భవదూరుడు ఉండడు.

ఆ ఆరింటిలో ఐదింటిని మేము కొలవగలం. కట్ట ఊట, నేల చవిటి, నడుమ మిట్ట, నీటికీ విస్తీర్ణానికీ పొంతన లేకపోవడం రెండు విధాలా. ఎండాకాలం చెరువు ఎండినప్పుడు వెళితే మిట్ట మామూలు లెవెలింగ్ పరికరానికే దొరుకుతుంది. మూడోదైన రెండు రాజ్యాల సరిహద్దు మాత్రం మా యంత్రాలకు అందదు, అది మీ చరిత్రకారుల వంతు. అది కూడా పాతబడిన దోషం కాదు లెండి, ఇప్పుడు రాజ్యాల బదులు రాష్ట్రాలు. మీరు ఈ ఊళ్లో తాగే నీళ్లలో కొన్ని కృష్ణా నది నుంచి మీ జిల్లా మీదుగా కండలేరు జలాశయానికి వచ్చి, అక్కడి నుంచి చెన్నై దగ్గరి పూండి జలాశయానికి చేరినవే. తెలుగు గంగ ఒప్పందం 1983లో అయింది, నీళ్లు పూండికి మొదటిసారి చేరింది 1996లో.

అన్నా విశ్వవిద్యాలయంలో జలవనరుల కేంద్రం ఉంది, రిమోట్ సెన్సింగ్ సంస్థా ఉంది. ఆ గిండీ ఇంజినీరింగ్ కాలేజీ 1794లో సర్వే బడిగా మొదలైందే. అడయారు గాంధీనగర్‌లోని మద్రాసు అభివృద్ధి అధ్యయనాల సంస్థలో ఆర్థికవేత్తలు చెరువు సాగు మీద చాలాకాలం పనిచేశారు. ఎవరు నీరు వదలాలి, ఎవరు పూడిక తీయాలి, బోరు వచ్చాక చెరువును ఎందుకు పట్టించుకోవడం మానేశారు అన్నవి వాళ్ల ప్రశ్నలు. ఒక్క చెరువు చుట్టూ ఇన్ని శాఖలు తిరుగుతున్నాయి. విచిత్రమేమిటంటే వాళ్లలో ఒకరు రాసింది మరొకరు చదవరు. నేనూ చదవలేదు, పైన ఒప్పుకున్నాను కదా.

అడయారు నుంచి, పదవీ విరమణ చేసిన తోళ్ల శాస్త్రవేత్త:

నాయనా, ఇంజినీరు గారి ఉత్సాహం చూసి నాకు భయం వేస్తోంది. నీకు యూజీసీ 2022 నిబంధనల ప్రకారం మామూలుగా ఆరేళ్లు గడువు. కొలతలు, కైఫియత్తులు, ఆర్థికం, అన్నీ నెత్తిన పెట్టుకుంటే ఆరేళ్లకు నీ దగ్గర సంచులు నిండుతాయి, సిద్ధాంత వ్యాసం ఉండదు. పద్దెనిమిదో శతాబ్దమో, పంతొమ్మిదో శతాబ్దమో ఒకటి తీసుకో. మిగిలినవాళ్లు చెప్పేది వినడం వేరు, వాళ్ల పని నువ్వు చేయబోవడం వేరు.

వినడం వల్ల ఏమవుతుందో చెబుతాను. జి.ఎన్. రామచంద్రన్ 1952లో మద్రాసు విశ్వవిద్యాలయానికి భౌతికశాస్త్ర శాఖాధిపతిగా వచ్చారు. ఆయన శాఖ గిండీలో, మా కేంద్రీయ తోళ్ల పరిశోధన సంస్థ పక్కనే. తోలంటే కొలాజెన్ అనే ప్రోటీనే కదా, అది మా దగ్గర కావలసినంత. ఆయన దగ్గర ఎక్స్-కిరణాలు. కంగారూ తోకలోని స్నాయువు మీద పనిచేసి, గోపీనాథ్ కర్తాతో కలిసి 1954లో కొలాజెన్‌కు మూడు పేటల నిర్మాణం ప్రతిపాదించారు. పక్కింటి వాళ్ల దగ్గర ఏముందో తెలిసి ఉండటం ఎంత లాభమో చూశావా? కానీ ఆయన తోళ్లు పదును చేయడం నేర్చుకోలేదు.

ఇంకో మాట. నెలాఖరుకు ఒక పేజీ అడిగారని బెంగపడకు. 1913లో రామానుజానికి మద్రాసు విశ్వవిద్యాలయం నెలకు 75 రూపాయల పరిశోధక వేతనం ఇచ్చి, మూడు నెలలకొక నివేదిక రాయించుకుంది.

టి.నగర్ నుంచి:

చిన్న హెచ్చరిక. తమిళంలో ఏరి అంటే చెరువు. మన ఏరు అనుకుని నేను ఒకాయనను వంతెన ఎక్కడని అడిగి నవ్వులపాలయ్యాను. అన్నట్టు, మా టి.నగర్ కూడా మాంబళం చెరువు పూడ్చి వేసిన పేటే. మధ్యలో ఉన్న పానగల్ పార్కు పేరు శ్రీకాళహస్తి వైపు జమీందారు, మద్రాసు మంత్రివర్గాన్ని నడిపిన పానగల్ రాజాగారిది. 2015 వరదల్లో మా వీధిలో నీళ్లు నిలిచినప్పుడు, చెరువు తన చోటు తాను వెతుక్కుంటోందని మా అత్తగారు అన్నారు.

ట్రిప్లికేన్ నుంచి, కొత్తగా వచ్చినవాడు:

అందరికీ దండాలు. నిన్న ఎగ్మోరు వెళ్లాను. 1810 ప్రాంతపు కాగితాలు కావాలని రాసిస్తే, ఆ గదిలోని పెద్దాయన నా చీటీ చూసి తల అడ్డంగా ఊపారు. ఆయనకు తెలుగు రాదు, నాకు తమిళం రాదు. చీటీ వెనక్కి తిప్పి, 1220 అని రాసి, దాని కింద 590 వేసి కూడి చూపించారు. ఫసలీ లెక్క. పాత భూమిశిస్తు లెక్కలు చాలావరకు ఫసలీ ఏడాదిలోనే ఉంటాయట. మూడు గంటలు కూర్చుంటే రెండు కట్టలు చూడగలిగాను, ఒకదాని నిండా ఉప్పు సంగతులే. కానీ చివర్లో ఒక అర్జీలో చెరువు కట్ట గండి అనే మాట కనబడింది. మా ఊరిది కాదు. అయినా మూడుసార్లు చదివాను.

గైడుగారి పేజీకి 1800 నుంచి 1860 వరకు అని రాసుకున్నాను. తోళ్ల శాస్త్రవేత్త గారు, కోప్పడకండి, ఎండాకాలం కొలతల మాట మాత్రం మనసులో నుంచి పోవడం లేదు.

గిండీ నుంచి:

ఏప్రిల్ చివరి వారం పెట్టుకుందాం, అప్పటికి నడుమ మిట్ట బయటపడుతుంది. పరికరం నేను తెస్తాను. శాసనం రాళ్లు భైరవాలయం ముందు ఉన్నాయని చదివాను, అక్కడికి ముందు తీసుకువెళ్లండి. కొలతబద్ద పట్టుకోవడానికి మీ ఊళ్లో పొడుగాటి మనిషి ఒకరిని చూసి ఉంచండి.