జిమ్ మెంబర్‌షిప్ సేల్స్‌లో పనిచేసినవాళ్ళు ఉన్నారా? మీ అనుభవాలు చెప్పండి

కొత్తగా_చేరా:
అందరికీ నమస్తే. మూడు వారాల క్రితం ఒక జిమ్‌లో మెంబర్‌షిప్ సేల్స్‌లో చేరాను, అంతకుముందు ఫోన్ల షాపులో చేశా కాబట్టి అమ్మడం కొత్తేం కాదు కానీ ఇది వేరేలా ఉందండి. ఫోన్ కొన్నాయన ఫోన్ పట్టుకుని వెళ్ళిపోతాడు, ఇక్కడ నేను అమ్మేది ఆయన రేపట్నుంచి పొద్దున్నే లేచి వస్తాడన్న నమ్మకాన్ని. మా మేనేజర్ ఏమో ఆఫర్ నెలంతా ఉంటుందని తెలిసి కూడా "ఈరోజే ఆఖరు అని చెప్పు, గేటు దాటితే మళ్ళీ రారు" అంటారు. మొన్న ఒకావిడకి అలా చెప్తుంటే నా గొంతు నాకే వణికింది, ఆవిడ ఆలోచించి చెప్తానని వెళ్ళిపోయింది. టార్గెట్ ఇరవై ఐదు, అయినవి ఆరు. ఎలా నెట్టుకొచ్చారో చెప్పండి ప్లీజ్

పొద్దున్న_షిఫ్ట్:
నాలుగేళ్ళు చేశానండి. మొదట్లో నేను కూడా వచ్చినవాళ్ళకి జిమ్ తిప్పి చూపించే టూర్ అనగానే ట్రెడ్‌మిల్స్ ఎన్ని, సైకిళ్ళు ఎన్ని అని లెక్క అప్పజెప్పేదాన్ని, ఎవరికీ పట్టేది కాదు. తర్వాత కూర్చోబెట్టి మూడే అడిగేదాన్ని. ఇప్పుడే ఎందుకు అనిపించింది, ఇంతకుముందు ఎక్కడైనా చేరారా, చేరితే ఎందుకు మానేశారు. ఆ మూడోదాంట్లోనే అంతా ఉంటుంది. ఒకాయన పాత జిమ్‌లో సాయంత్రం ఏడింటికి స్క్వాట్ ర్యాక్ (బరువు భుజాన పెట్టుకుని గుంజీళ్ళు తీసే స్టాండ్) దొరక్క విసుగొచ్చి మానేశానన్నాడు. ఆయన వచ్చింది మధ్యాహ్నం, ఫ్లోర్ ఖాళీగా ఉంది, అప్పుడే సంతకం పెట్టించుకోవచ్చు. నేను మాత్రం సాయంత్రం ఏడింటికి మళ్ళీ వచ్చి చూడండి అన్నా. వచ్చాడు, రద్దీ చూశాడు, పొద్దున ఆరింటికి వస్తానని తనే తేల్చుకుని చేరాడు. రెండుసార్లు రెన్యూవల్ చేయించుకున్నాడు, తమ్ముణ్ణి కూడా తెచ్చాడు. ఇంకోటి, "ఆలోచించి చెప్తా" అంటే వదిలేయకండి, వెంటపడకండి. దేని గురించి ఆలోచించాలి అని మామూలుగా అడగండి, సగం మంది టైమింగో ఇంట్లోవాళ్ళతో మాట్లాడాలనో చెప్పేస్తారు, అప్పుడు మాట్లాడుకోవడానికి ఒక విషయం ఉంటుంది

మాజీ_కౌన్సెలర్:
బ్రో, అమ్మడం తర్వాత, ముందు నీ ఇన్సెంటివ్ రూల్స్ కాగితం మీద అడుగు. నోటిమాట కాదు, మెయిల్ అయినా పర్లేదు. టార్గెట్‌లో ఎంత శాతం దాటితే మొదలవుతుంది, బుకింగ్ అయితే లెక్కా లేక మొత్తం డబ్బు కడితేనే లెక్కా, మెంబర్ మధ్యలో క్యాన్సిల్ చేస్తే నీకిచ్చింది వెనక్కి కోస్తారా, నువ్వు సెలవులో ఉన్నప్పుడు నీ వాకిన్‌ని, అంటే నేరుగా జిమ్‌కొచ్చి నీతో మాట్లాడి వెళ్ళినవాళ్ళని, ఇంకొకరు క్లోజ్ చేస్తే ఎవరి ఖాతాలో పడుతుంది. ఇవన్నీ నేను అడక్కుండా చేరి మూడో నెలలో ఏడుపొక్కటే తక్కువ, పదకొండు క్యాన్సిలేషన్లు ఒకేసారి కోసేశారు. జనవరిలో జనం తోసుకుంటూ వస్తారు, ఆ నెల జీతం చూసి ఈఎంఐలు పెట్టుకోకు, ఫిబ్రవరి చివరికొచ్చేసరికి ఎంక్వైరీలు తగ్గుతాయి, టార్గెట్ మాత్రం పెద్దగా తగ్గదు.
ఇంకా ముఖ్యం, ఫాలోఅప్‌కి నీ సొంత నంబర్ వాడకు. నేను ఒక బ్రాంచికి తెరవకముందే ప్రీసేల్ చేశా, ఓపెనింగ్ నెలల తరబడి వాయిదా పడింది, నేను మానేశాక కూడా రాత్రి పదింటికి జనం నాకే ఫోన్ చేసి డబ్బులు అడిగేవాళ్ళు. వాళ్ళ తప్పు లేదు, వాళ్ళకి తెలిసిన ముఖం నాదే. ఆఫీస్ సిమ్ ఇమ్మను

డంబెల్_అక్క:
ఆ "ఈరోజే ఆఖరు" గురించి. చెప్పొద్దు తమ్ముడూ. ఆవిడ వారం తర్వాత వచ్చి అదే ధర బోర్డు చూస్తే ఇక నువ్వు చెప్పిన ఏదీ నమ్మదు, ఆవిడ స్నేహితురాళ్ళు కూడా రారు.
మా దగ్గర ఇంకో అలవాటుండేది, బాడీ కంపోజిషన్ మెషీన్ ఎక్కించి కొవ్వు శాతం చూపించి భయపెట్టడం. ఆ మెషీన్ ఒంట్లోకి చిన్న కరెంట్ పంపి అంచనా వేస్తుంది, నీళ్ళు తాగారా, అప్పుడే వర్కౌట్ చేశారా అన్నదాన్ని బట్టి కూడా అంకె మారుతుంది. అదే టైముకి, అదే పరిస్థితిలో నెలనెలా చూసుకుంటే పనికొస్తుంది, మొదటిరోజు మనిషిని ఏడిపించడానికి కాదు. ఒక అమ్మాయి ఆ ప్రింట్ చేతిలో పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది, ఆ రోజు నుంచి సేల్స్ టూర్‌లో ఆ మెషీన్ వైపు ఎవర్నీ తీసుకెళ్ళలేదు నేను.
ఏడాది ప్యాకేజీ అందరికీ అంటగట్టకండి. 2006లో డెల్లావిగ్నా, మాల్మెండియర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు అమెరికాలో మూడు హెల్త్ క్లబ్బుల లెక్కలు చూసి రాశారు, 7,752 మంది మెంబర్లు, మూడేళ్ళు. 70 డాలర్లకి పైగా నెలవారీ ఫీజు కట్టేవాళ్ళు సగటున నెలకి 4.3 సార్లే వచ్చారు, అంటే వచ్చిన ప్రతిసారికీ 17 డాలర్లకి పైగా పడింది, పది విజిట్ల పాస్ కొనుక్కుంటే ఒక్కో విజిట్‌కి 10 డాలర్లతో పోయేది. వస్తాం అనుకునేది వేరు, వచ్చేది వేరు. నేను అనుమానంగా ఉన్నవాళ్ళకి చిన్న ప్యాకేజీయే ఇచ్చేదాన్ని, మేనేజర్‌తో గొడవలయ్యాయి, కానీ నా రెన్యూవల్స్ చూశాక నోరెత్తలేదు

సెట్లమధ్య_రెస్ట్:
మెంబర్ వైపు నుంచి ఒక మాట. నాకు అమ్మినాయన ఆపరేషన్ ఉంటే ఎన్ని నెలలైనా మెంబర్‌షిప్ ఫ్రీజ్ చేసుకోవచ్చన్నాడు, అంటే కొన్నాళ్ళు ఆపి పెట్టుకోవడం, తీరా నాకు అవసరమొచ్చేసరికి ఆయన ఉద్యోగం మానేశాడు, కాగితంలో ఫ్రీజ్ పదిహేను రోజులే అని ఉంది. ఆయన అబద్ధం చెప్పాడో ఆయనకే తెలీదో ఇప్పటికీ నాకు అర్థం కాలేదు. మీరు ఏ మాటిచ్చినా దయచేసి ఫారం మీద రాసి సంతకం పెట్టండి

ఫ్లోర్_ట్రైనర్:
సేల్స్ వాళ్ళకి నా విన్నపం, హెల్త్ ప్రశ్నల ఫారం తొందరలో అన్నీ "లేదు" అని మీరే టిక్ పెట్టేయకండి. ఛాతీ నొప్పి, తల తిరగడం, బీపీ, మోకాళ్ళు, ఇవన్నీ మాకు తెలియాలి. బీపీ ఉన్నాయన్ని తెలియక మొదటిరోజే బరువులెత్తించా, ఆయన కూలబడిపోయాడు, అదృష్టం బాగుండి తేరుకున్నాడు. అలాగే "21 రోజుల్లో అలవాటైపోతుంది" అని చెప్పకండి, లండన్‌లో 96 మంది మీద చేసి 2010లో అచ్చయిన పరిశోధనలో మధ్యస్థంగా 66 రోజులు పట్టింది, మనిషిని బట్టి అంచనా 18 నుంచి 254 దాకా ఉంది. 22వ రోజు బద్ధకం వస్తే నాలోనే ఏదో లోపముందనుకుని మానేస్తున్నారు పాపం. చేరిన మొదటి వారంలో ఒక ఫోన్ చేసి ఎలా ఉంది, నొప్పులున్నాయా అని అడగండి చాలు, ఏమీ అమ్మకుండా

కొత్తగా_చేరా:
చాలా థాంక్స్ అందరికీ. ఇన్సెంటివ్ కాగితం అడిగాను, సోమవారం ఇస్తామన్నారు. సిమ్ సంగతి ఇంకా తేల్చలేదు. ఆవిడకి ఫోన్ చేసి ఆఫర్ నెలాఖరు దాకా ఉందండి, ఆ రోజు తప్పు చెప్పాను, సారీ అన్నా. కాసేపు మాట్లాడలేదు, తర్వాత పొద్దున ఆరింటికి లేడీస్ ఛేంజింగ్ రూమ్ తెరిచి ఉంటుందా, ఆ టైముకి లేడీ ట్రైనర్ ఉంటుందా అని అడిగింది. అసలు ఆవిడ ఆలోచించింది దాని గురించట, నేను ఒక్కసారి కూడా అడగలేదు. గురువారం ఆరింటికి చూడ్డానికి వస్తానంది, నా షిఫ్ట్ తొమ్మిదికి అయినా వెళ్తాను

పొద్దున్న_షిఫ్ట్:
మంచి పని చేశారు. బుధవారం రాత్రే హౌస్‌కీపింగ్ వాళ్ళకి చెప్పి పెట్టండి, ఆ రూమ్ తాళం చాలాచోట్ల ఆరున్నరకి గానీ తియ్యరు