"సంఘ క్షేమాభివృద్ధి": ఈ మాటకు అర్థం ఏమిటి?

గుణుపురం నుంచి ఒక చెల్లి:
అందరికీ వందనాలు. మా గుడిలో ప్రతి ఆదివారం "సంఘ క్షేమాభివృద్ధి కొరకు" అని ప్రార్థన చేస్తారు. క్షేమం, అభివృద్ధి అని రెండు అడుగుతున్నట్టా, ఒకటేనా?

పర్లాకిమిడి నుంచి జవాబు:
వందనాలమ్మా. సమాసం విడదీస్తే క్షేమమూ అభివృద్ధీ అని రెండు కనిపిస్తాయి. బైబిల్లో మాత్రం అది ఒకే పనికి పేరు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 14వ అధ్యాయంలో ఈ మాట పదే పదే వస్తుంది. గ్రీకులో అది "ఓయికొదొమే", అంటే ఇల్లు కట్టడం. మత్తయి 16:18లో "ఈ బండమీద నా సంఘమును కట్టుదును" అన్నచోట ఉన్నదీ ఆ ధాతువే. అక్కడ మన అనువాదకులు "కట్టుదును" అన్నారు, ఇక్కడ "క్షేమాభివృద్ధి" అన్నారు.

ఇప్పుడు సంక్షేమం, అభివృద్ధి అనే మాటలు ఎక్కువగా ఆఫీసు బోర్డుల మీద, పథకాల పేర్లలో చూస్తున్నాం. అందుకే ఎవరో మనకు చేసిపెట్టేదన్నట్టు వినిపిస్తుంది. దేవుణ్ణి అడిగేశాం, ఇక ఆయన చూసుకుంటాడు అనుకుని ఇంటికి వెళ్లిపోతాం. ఈ పత్రిక రాసిన పౌలు మాత్రం ఆ పనిని గుడిలో నోరు తెరిచే ప్రతివాడి మీదా పెట్టాడు. ఆ 14వ అధ్యాయంలోనే 16, 17 వచనాలు చూడమ్మా. నువ్వు చేసే స్తుతి పక్కవాడికి అర్థం కాకపోతే "ఆమేన్ అని వాడేలాగు పలుకును?" అని అడుగుతాడు. నువ్వు బాగానే స్తుతిస్తున్నావు గాని "యెదుటివాడు క్షేమాభివృద్ధి పొందడు" అంటాడు. స్తుతిలో లోపం లేదు, అయినా ఇల్లు లేవలేదు!

ఆయన చెప్పింది నేర్చుకోకుండా, దేవుని ఆత్మ ఇచ్చే వరంగా వచ్చే భాషల గురించే, ఒడియా తెలుగుల గురించి కాదు. అయినా పక్కవాడు ఆమేన్ అనగలడా అన్న కొలత మనకూ వర్తిస్తుంది. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి ఇటు వచ్చింది. మన పిల్లలు ఒడియా బడిలో చదువుతారు, చాలామందికి తెలుగు అక్షరాలు రావు. పక్క బెంచీలో సవర గిరిజనులు, ఒడియావాళ్లు ఉంటారు. మన గ్రాంథికపు ప్రార్థన ఎంత భక్తితో చేసినా వాళ్లకు అందదు. ఈ ప్రాంతంలోనే 1803లో పుట్టిన పురుషోత్తమ చౌదరిగారు 1833లో కటకంలో బాప్తిస్మం పొంది, తెలుగులో కీర్తనలు రాశారు. మన సంఘాలు మొదటినుంచీ రెండు భాషల మధ్యే పెరిగాయి.

కోరాపుట్ నుంచి ఒకరు:
మాస్టారూ, అలాగైతే ఆ మాటే తీసేసి "సంఘాన్ని కట్టడం" అనొచ్చు కదండీ?

పర్లాకిమిడి నుంచి:
వాక్యం వివరించేటప్పుడు తప్పకుండా అనండి బాబూ. మాటను మాత్రం వదులుకోకండి. సంస్కృతంలో క్షేమానికి మూలం "క్షి" ధాతువు, నివసించడమని అర్థం. కుదురుగా ఉండే చోటు అనే భావం అందులోనే ఉంది. "మేమంతా క్షేమం, మీ క్షేమం తెలుపగలరు" అని ఉత్తరం మొదలుపెట్టేవాళ్లం కదా, అక్కడ అడిగేది ఇంట్లో అందరి గురించీ. సంఘంలోనూ అందరి గురించీ అడగాలి, వెనక బెంచీవాళ్లతో సహా.

నా మట్టుకు నాకు ఈ అధ్యాయంలో అన్నిటికన్నా బరువైనది 19వ వచనం. పదివేల మాటలకంటే ఇతరులకు బోధ కలిగే అయిదు మాటలు మేలంటాడు. సంఘం మీద ప్రేమ ఉన్నవాడు తన ప్రార్థన కొంత తగ్గించుకుని, చివర రెండు వాక్యాలైనా ఒడియాలో చెప్పాలి. అది చిన్న పని కాదు. పది మంది ముందు, రాని భాషలో తడబడుతూ ప్రార్థించడానికి చాలా ప్రేమ కావాలి.

గుణుపురం చెల్లి:
మాస్టారూ, చాలా వందనాలండి. ఈ వచనాలు మా సంఘ పెద్దలకు చూపిస్తాను. మా గుడికి వచ్చే సవర కుటుంబాల్లో చదవగలిగిన అమ్మాయి ఉంది. వచ్చే ఆదివారం వాక్యపఠనం తెలుగులో అయ్యాక ఆమెను సవరలో చదవమని అడుగుతాం.