అప్‌డేట్: బాపు గురక సంగతి

పోయిన నెల అడిగాను కదా: మా బాపుకు 58 ఏళ్లు, షుగర్, బీపీ ఉన్నాయి, గురక మధ్యలో ఊపిరి ఆగినట్టు అవుతోంది, పరీక్ష చేయించాలా అని. చేయించాం.

ముందు హన్మకొండలో డాక్టర్, నిద్రలో ఊపిరి ఆగే జబ్బు (స్లీప్ అప్నియా) ఉండొచ్చా అని చూడ్డానికి ‘స్టాప్-బ్యాంగ్’ అని 8 ప్రశ్నలు అడిగారు. గురక, పగటి అలసట, నిద్రలో ఊపిరి ఆగడం ఎవరైనా చూశారా, బీపీ... ఇలా. మెడ కొలత కూడా అందులో ఉంటుందట. టేపుతో కొలిస్తే 43 సెంటీమీటర్లు. "చొక్కా కుట్టిస్తరా?" అన్నాడు బాపు. 8కి 7 వచ్చాయి, బీఎంఐ (ఎత్తును బట్టి బరువు లెక్క) ఒక్కటే 35 దాటలేదు. 5 వస్తేనే రిస్కు ఎక్కువ అంటారు.

తర్వాత ఇంట్లోనే ఒక రాత్రి టెస్టు. వేలికి క్లిప్పు, ముక్కుకు సన్నని గొట్టం, ఛాతీకి బెల్టు. అమ్మకైతే ఆ రాత్రంతా టెన్షనే. గంటకు 38 సార్లు ఊపిరి ఆగడమో తగ్గడమో జరిగిందని రిపోర్టు. 30 దాటితే తీవ్రమైనట్టే.

తొమ్మిదేళ్లుగా షుగర్‌కు చూపించుకుంటున్న చోట నిద్ర గురించి ఒక్కసారీ అడగలేదు. అదే కోపం నాకు.

ఇప్పుడు రాత్రిపూట సీపాప్ మెషిన్ (మాస్కు ద్వారా ఒత్తిడితో గాలి పంపి, గొంతులో దారి మూసుకుపోకుండా ఉంచేది) పెట్టుకుంటున్నాడు బాపు. మొదటి రాత్రి రెండింటికే మాస్కు పీకేశాడు, ఇప్పుడు తెల్లారేదాకా ఉంచుతున్నాడు. షుగర్ మందులు మామూలే, బరువూ తగ్గాలన్నారు. నిన్న మధ్యాహ్నం దుకాణంలో కునుకు తీయలేదు.