టర్న్‌టేబుల్‌కి ప్రీయాంప్ నిజంగా కావాలా, ఇంకో డబ్బా అంటగడుతున్నారా?

వినైల్_మోజు:
కొత్త టర్న్‌టేబుల్ (రికార్డు ప్లేయర్) వైర్లు యాంప్లిఫయర్ ఆక్స్‌లో, అంటే మామూలు ఆడియో సాకెట్‌లో పెట్టాను. వాల్యూమ్ మొత్తం తిప్పినా ఘంటసాల గారు పక్క వీధిలో పాడుతున్నట్టుంది. షాపతను ఫోనో ప్రీయాంప్ కొనమంటున్నాడు, ప్లేయర్ నుంచి వచ్చే సన్న సిగ్నల్‌ని పెంచే డబ్బా అట. తప్పదా?

ఆక్స్_వీరుడు:
అనవసర ఖర్చు బ్రో. మిక్సర్ ఉంటే మైక్ ఇన్‌పుట్‌లో పెట్టేయండి, సౌండ్ అదే లేస్తుంది. మా ఇంట్లో అలాగే నడుస్తోంది.

గ్రామఫోన్_తాత:
సౌండ్ లేస్తుంది నాయనా, పాట మాత్రం చెడుతుంది. మామూలు మూవింగ్ మాగ్నెట్ రకం కార్ట్రిడ్జ్ (ముల్లు బిగించి ఉండే ముక్క) ఇచ్చేది 3 నుంచి 5 మిల్లీవోల్టులు. ఆక్స్‌కి వందల్లో కావాలి. సరే, దాన్ని మైక్ ఇన్‌పుట్ పెంచుతుందనుకో. అసలు తిరకాసు వేరే ఉంది. రికార్డు కోసేటప్పుడే బేస్ తగ్గించి, ట్రెబుల్ పెంచి కోస్తారు. బేస్ ఉన్నదున్నట్టు కోస్తే గాడి అటూ ఇటూ బాగా ఊగి ఎక్కువ చోటు తినేస్తుంది, ఒక వైపు పట్టే నిడివి తగ్గిపోతుంది. 1954లో అమెరికా రికార్డు కంపెనీల సంఘం ఆర్ఐఏఏ తెచ్చిన లెక్క ప్రకారం 20 హెర్ట్జ్ దగ్గర సుమారు 20 డెసిబెల్స్ కోత, 20 కిలోహెర్ట్జ్ దగ్గర దాదాపు అంతే పెంపు. ఫోనో ప్రీయాంప్ ఈ రెండింటినీ తిరగేస్తుంది, పనిలో పనిగా బుసనీ తగ్గిస్తుంది. మైక్ ఇన్‌పుట్‌కి ఆ పని రాదు. నీ మిక్సర్‌లో మృదంగం తొప్పి వైపు బేస్ శబ్దం వినపడుతోందా, చెప్పు.

ఆక్స్_వీరుడు:
బేస్ నాబ్ ఫుల్లుగా తిప్పితే వినపడుతోంది లెండి. మరి పాత సూట్‌కేసు ప్లేయర్లకి ఈ ప్రీయాంపులు ఎక్కడివి తాతా?

గ్రామఫోన్_తాత:
వాటిలో చాలావరకు సిరామిక్ కార్ట్రిడ్జే. అదే వందల మిల్లీవోల్టులు ఇస్తుంది, ఆ కోతా పెంపూ కూడా దాని తీరులోనే చాలావరకు సర్దుకుంటాయి. కాకపోతే ముల్లు బరువుగా నొక్కుతుంది, రికార్డు తొందరగా అరుగుతుంది.

సోల్డర్_సుబ్బు:
తాత చెప్పింది నిజమే. కానీ ప్రీయాంప్ కావాలంటే విడిగా డబ్బా కొనాలని కాదు. ఆడియో టెక్నికా ఎల్‌పీ60లో లోపలే ఉంది, వెనకాల ఫోనో/లైన్ స్విచ్ చూడండి. రేగా ప్లానార్ 1లో లేదు. పాత యాంప్లిఫయర్లయితే చాలావాటికి ఫోనో సాకెట్ ఉంటుంది. రెండు చోట్లా ఉంటే ఒకటే వాడాలి. ప్లేయర్ స్విచ్ లైన్‌లో పెట్టి యాంప్ ఫోనో సాకెట్‌కి ఇస్తే అంతా బరబరే. ఇక లోపలిది పనికిరాదని వేలు పోయించేవాళ్లతో నాకు పేచీ ఉంది. ముందు మంచి ముల్లు కొనండి, తేడా అక్కడే ఎక్కువ తెలుస్తుంది.

గ్రామఫోన్_తాత:
మూవింగ్ కాయిల్ రకం కార్ట్రిడ్జ్‌కి వెళ్తే లోపలిది చాలన్న మాట చెల్లదు సుబ్బూ. దానికి అర మిల్లీవోల్టు కూడా రాదు, 60 డెసిబెల్స్ గెయిన్ కావాలి.

సోల్డర్_సుబ్బు:
అడిగినాయనది మొదటి ప్లేయర్ తాతా, అంత దూరం ఎందుకు!

వినైల్_మోజు:
చూశానండీ. నాదాంట్లో స్విచ్ లేదు, యాంప్‌కి ఫోనో సాకెట్టూ లేదు. వెనకాల సన్న వైరు ఒకటి ఊరికే వేలాడుతోంది, అదేంటి?

సోల్డర్_సుబ్బు:
గ్రౌండ్ వైరు. అయితే మీకు డబ్బా తప్పదు. ఎంఎం (మూవింగ్ మాగ్నెట్) అని రాసున్న చిన్నది చాలు. ఆ వైరు దాని వెనక స్క్రూకి బిగించండి, లేదంటే పాట వెనక గుయ్‌మని హమ్ వస్తుంది.